ఎక్కడంటే, పైన

డాక్టర్ ఓర్నెలా నా కుక్కను చంపిందని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. ఏడొందల ముప్పై యూరోలు గుంజి, కడుపు కోసి, చచ్చిన కుక్కను దుప్పట్లో చుట్టి చేతిలో పెట్టిందని బెపో వైన్ కొట్లో నలుగురూ వినేలా మొదట అన్నది నేనే. అందులో అబద్ధం లేదు. డబ్బు కట్టిన మాట నిజం, కోసిన మాట నిజం, దుప్పటి కూడా నిజమే, అది మా ఇంటిదే. కాకపోతే నేను మింగేసిన ముక్క ఒకటుంది. ఇప్పుడది కక్కుతాను.

నా పేరు సిల్వానో. ముప్పై ఏళ్ళు రాళ్ళ క్వారీలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి. సెప్టెంబరు దాటితే మాత్రం, మా వైపు మగవాళ్ళలో సగం మందిలాగే, కుక్కను వెంటేసుకుని తెల్ల ట్రఫుల్ కోసం అడవిలో పడతాను. ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర, నేల లోపల పుట్టే పుట్టగొడుగు అది. మనిషి ముక్కుకు అందదు, నేర్పిన కుక్క ముక్కుకే అందుతుంది. పిడికెడంత దొరికిందంటే నా నెల పింఛను దొరికినట్టే. అందుకని ఎవడి చోటు వాడికి ప్రాణం. పెళ్ళానికి చెప్పడు. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా ఆ ఒక్కటీ ఒప్పుకోడు.

ఎక్కడ దొరికింది అని ఎవరైనా అడిగితే మా ఊళ్ళో ఒకటే జవాబు: పైన. మా తాత అదే అనేవాడు, మా నాన్న అదే అన్నాడు, నేనూ అదే అంటాను. తెల్లది పైన దొరకదని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పైన ఉన్నవి ద్రాక్షతోటలు, గొర్రెలు, ఎండిన రాయి. తెల్లది పుట్టేది కిందే, మీర్నా ఏటి పక్కన బురద అడవిలో. పైన అంటే నన్నడక్కు అని అర్థం. అడిగినవాడు కోపం తెచ్చుకోడు, నవ్వుకుని పోతాడు. ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు, అసలు అది అబద్ధమని కూడా అనిపించేది కాదు.

నా కుక్క పేరు బ్రిసా. తొమ్మిదేళ్ళది. గోధుమరంగు ఉంగరాల జుట్టు, ముళ్ళకంపల్లో చిరిగి అతుక్కున్న ఎడమ చెవి. తెల్లది కనిపెడితే మిగతా కుక్కల్లా తవ్వి పాడుచేసేది కాదు. ముందుకాలు ఒకటి ఆ చోట ఆనించి, నా వైపు చూసి, ఆగేది. వస్తావా రావా అన్నట్టుండేది ఆ చూపు. నేను మోకాళ్ళమీద కూర్చుని తవ్వుతుంటే దాని ఊపిరి నా చెవిలో కొట్టేది. నాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడతావని నా భార్య అల్మా దెప్పేది. నిజమే, ఎక్కువే మాట్లాడేవాణ్ణి.

ఆ ఏడు నవంబరు రెండో మంగళవారం పొద్దున్నే నా చోటికి వెళ్ళాం. పాత పిండిమిల్లు వెనక, రెండో కాలువ గట్టు. ఇదిగో, చెప్పేశాను. ఆ మిల్లును రాజధాని నుంచి వచ్చిన ఎవరో కొనుక్కుని, సెలవుల్లో ఉండటానికి ఇల్లుగా మారుస్తున్నారు. తాపీవాళ్ళు పగలంతా ఉంటారు కానీ పొద్దున్నే రారు. వేటకు పోయేముందు కుక్కకు తిండి పెట్టం మేము. ఆకలి మీద ఉంటేనే వెతుకుతుంది, దొరికినప్పుడల్లా ఓ రొట్టెముక్క ఇస్తాం. అలా ఖాళీ కడుపుతో ఉన్న బ్రిసా మిల్లు గోడ పక్కకు పోయి, ఏదో నాకుతూ కనిపించింది. పిలిస్తే వచ్చింది. మూతి మీసాలకు నీలం రంగు అంటుకుని ఉంది. తాపీవాళ్ళు గోడ వరస చూసుకోవడానికి దారానికి రాసే నీలం పొడి అనుకున్నాను. చొక్కా చేతితో తుడిచేశాను. ఆ రోజు తొంభై గ్రాములది దొరికింది. ఇంటిదాకా ఈలవేసుకుంటూ వచ్చాను.

శనివారం పొద్దున అది లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే తోక కొంచెం కదిపింది. చిగుళ్ళు చూస్తే కొవ్వొత్తిలా తెల్లగా ఉన్నాయి.

మా ఊరికి పశువుల ఆసుపత్రి అంటే డాక్టర్ ఓర్నెలా ఒక్కతే. రెండేళ్ళ కిందట దేశానికి అటు కొస నుంచి, మొక్కజొన్న పండే మైదానాల నుంచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కుక్కను బల్లమీదికి ఎత్తించకుండా తనే నేలమీద కూర్చుని చూసేది. ఒక్క అలవాటు మాత్రం మాకెవరికీ గిట్టేది కాదు. చెయ్యి వేసేముందే దేనికి ఎంతవుతుందో కాగితం మీద రాసి చూపించేది. తర్వాత గొడవ రాకూడదని ఆమె ఉద్దేశం. నోరు తెరిస్తే డబ్బే అని మా ఉద్దేశం.

బ్రిసా చెవి వెనక పిడుదు ఒకటి కనిపించింది ఆమెకు. పిడుదుల జ్వరంలో కూడా ఇలాగే రక్తం తగ్గిపోతుందట. ఈ వారంలో ఎక్కడెక్కడ తిరిగిందని అడిగింది. పైన, అన్నాను. ఆమె రాసుకుంది. గొర్రెలు మేసే చోటేనా అంది. ఆ చుట్టుపక్కలే అన్నాను. ఏమైనా తినిందా, ఎలుకల మందులాంటిది ఎవరైనా పెట్టారా అంది. పైన ఎలుకల మందు ఎవరు పెడతారమ్మా అని నవ్వాను కూడా. మందు అన్న మాట చెవిన పడగానే నాకు నీలం రంగు గుర్తురాలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. గుర్తొచ్చింది. తాపీవాళ్ళ పొడి అని మళ్ళీ నాకు నేనే చెప్పుకున్నాను. మిల్లు అని ఒక్కమాట అంటే ఈమె మిల్లువాళ్ళకు ఫోన్ చేస్తుంది, వాళ్ళు మనిషిని పంపుతారు, గోడకు విషం ఉందని కాగితం అంటిస్తారు, సాయంత్రానికల్లా ఊరు ఊరంతా ఆ గట్టుమీద ఉంటుంది. అప్పటికి ఇంకా ఆరువారాల కాలం మిగిలి ఉంది.

పిడుదుల జ్వరానికి సూది వేసింది. రక్తపరీక్ష, సూది, సెలైను, మొత్తం నూట అరవై. ఆదివారం బ్రిసా రొట్టెముక్కను వాసన కూడా చూడలేదు. మళ్ళీ తీసుకెళ్ళాను. ఆసుపత్రి మూసి ఉంటే ఆమె ఇంటినుంచి వచ్చి తలుపు తీసింది. కడుపు స్కానింగ్ చేసింది. కడుపులో రక్తం నిండి ఉందట. ఈ వయసు కుక్కల్లో ప్లీహంలో గడ్డ పుట్టి పగిలితే ఇలా అవుతుందంది. పైనే తిరిగిందా, ఇంకెక్కడికీ పోలేదా అని మళ్ళీ అడిగింది. నేను తల ఊపాను.

సోమవారం పొద్దున ఇక కోసి చూడటం తప్పదంది. కాగితం మీద ధర రాసి నా ముందు పెట్టి, పెన్ను ఇవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది.

"సిల్వానో గారూ, మూడోసారి అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇది విషమైతే రక్తం గడ్డకట్టదు, నేను కత్తి పెట్టకూడదు. గడ్డకడుతుందో లేదో చూసే యంత్రం నా దగ్గర లేదు. పట్నం పంపి రప్పించడానికి ఒక రోజు పడుతుంది, దీనికి అంత టైము లేదు. మందులాంటిది ఏదైనా దొరికే చోటికి వెళ్ళిందా?"

బ్రిసా మా ఇద్దరి మధ్య దుప్పటిమీద పడుకుని ఉంది. కళ్ళు నా మీదే ఉన్నాయి. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ గదిలో నేను నోరు తెరిచి ఇంకో మాట అనడం కనిపిస్తుంది. నిజంగా అన్నది మాత్రం ఇదే.

"లేదమ్మా. పైనే తిరిగాం."

ఆమె పెన్ను ఇచ్చింది. సంతకం పెట్టాను.

గంటన్నర తర్వాత బయటకు వచ్చింది. మోచేతుల దాకా తడిసి ఉంది. గడ్డ ఏదీ కనిపించలేదనీ, ఎక్కడ ముట్టుకుంటే అక్కడ రక్తం కారిందనీ, ఆపలేకపోయాననీ చెప్పింది. అది చెబుతుంటే గొంతు వణికింది. నేను దాన్ని చేతకానితనం అనుకున్నాను. అనుకోవాలని గట్టిగా కోరుకున్నాను, అందుకని అనుకోగలిగాను. డబ్బు కట్టి బ్రిసాను ఎత్తుకుని వచ్చేశాను. అల్మా పెరట్లో అత్తిచెట్టు కింద గొయ్యి తవ్వనిచ్చింది. ఏం తినిందయ్యా అది అని ఒక్కసారి అడిగింది. ఏమో అన్నాను.

బెపో కొట్లో మాత్రం నాకు మాటలకు కొదవ లేకపోయింది. ఏడొందల ముప్పై అన్నాను. ముందు జ్వరమంది, తర్వాత గడ్డ అంది, చివరికి ఏదీ కాదు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళకు అంతే చాలు. ఒకడి కుక్క తుంటికి ఐదొందలు పోశాక కూడా మూడుకాళ్ళతోనే కుంటుతోందట. ఇంకొకడి ముసలి కుక్కకు పళ్ళు పీకినందుకు తన పళ్ళకంటే ఎక్కువైందట. రోమానా అనే ఆమె తన కుక్క దగ్గుకు నెలనెలా మాత్రలు కొంటూనే ఉందట, అది దగ్గుతూనే ఉందట. మా నాన్నల కాలంలో కుక్క బతికితే బతికేది, లేకపోతే లేదు, ఈ స్కానింగులెక్కడివి అన్నాడు బెపో. ఎవరి బాధ వాళ్ళకు నిజం. వాటి నడుమ నాది కూర్చుంటే అదీ నిజంలాగే ఉంది. ఎక్కడ తిప్పావురా దాన్ని అని ఒకడు అడిగాడు. పైన అన్నాను. అందరూ నవ్వారు, నా భుజం తట్టి వైన్ పోశారు.

అర్జీ రాద్దామన్నది నేవియో. నేవియో, నేనూ ఒకే బడి, ఒకే బెంచీ. వాడూ ట్రఫుల్ వాడే, వాడి కుక్క ఆర్గో మా బ్రిసా కంటే నాలుగేళ్ళు చిన్నది. డాక్టర్ డబ్బు గుంజి కుక్కల ప్రాణాలతో ఆడుకుంటోందని రాజధానిలోని పశువైద్యుల సంఘానికి రాశాం. మొదటి సంతకం నాది, రెండోది నేవియోది, మొత్తం పద్నాలుగు. బ్రిసా వైద్యం కాగితాలు కూడా జత చేయాలన్నారు. అవి తెచ్చుకోవడానికి డిసెంబరులో ఒక గురువారం ఆసుపత్రికి వెళ్ళాను, అర్జీ కోటు జేబులో పెట్టుకుని.

బయటి గదిలో ఎవరూ లేరు. లోపలి తలుపు సగం తెరిచి ఉంది. నేలమీద ఆర్గో పడుకుని ఉంది, పక్కన డాక్టర్ కూర్చుని దాని పెదవి ఎత్తి చూస్తోంది. చిగుళ్ళు కొవ్వొత్తిలా తెల్లగా ఉన్నాయి. నేవియో టోపీ రెండు చేతుల్లో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అర్జీలో సంతకం పెట్టిన మనిషి అక్కడికే రావలసి వచ్చింది, ఇంకో డాక్టర్ దగ్గరికి పోవాలంటే ముప్పావుగంట దారి.

"ఈ వారం ఎక్కడ తిరిగింది?" అని అడిగింది ఆమె.

"పైన," అన్నాడు నేవియో.

ఆమె రాసుకుంది.

వాడు పైకి పోడని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా నా గట్టుమీద ఎవరో తవ్వి పూడ్చిన గుంటలు చూస్తున్నాను. మట్టి నింపి, ఆకులు కప్పి, మడమతో రెండుసార్లు నొక్కి పోతారు. అలా నొక్కేది మా ఊళ్ళో ఒక్కడే, వాళ్ళ నాన్న అలా నేర్పాడు. నేను ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే నేనూ అక్కడికి పోతున్నట్టు ఒప్పుకున్నట్టే కదా.

వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు. వాళ్ళు నన్నింకా చూడలేదు. చెబితే చోటు పోతుంది, అది ఒక్కటే అయితే ఫర్వాలేదు, బ్రిసాకు నేను చేసింది కూడా బయటపడుతుంది. ఆ గడపలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆమె లేచి ధర రాసే కాగితం అందుకునేదాకా నిలబడ్డాను.

"వాడు చెప్పేది అబద్ధం డాక్టరమ్మా," అన్నాను. "పాత మిల్లు వెనక గట్టుకు పోతాడు. నేనూ అక్కడికే పోతాను."

నేవియో మొహం ఎర్రబడింది. డాక్టర్ అతని వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"బ్రిసా కూడానా?"

"బ్రిసా కూడా. గోడ పక్కన ఏదో నాకింది. మూతికి నీలం అంటితే తుడిచేశాను."

ఆమె కాగితం అలాగే వదిలేసి, సొరుగు లాగి, చిన్న సీసా తీసి సూదిలోకి ఎక్కించింది. ఆర్గో మలంలో రంగేమైనా చూశారా అని నేవియోను అడిగింది. నిన్న నీలంగా ఉందని వాడు నేల చూస్తూ చెప్పాడు. ఎలుకల మందు గింజలకు అలాంటి రంగే వేస్తారట. అది తిన్న నాలుగైదు రోజులకు గానీ పైకి ఏమీ తెలియదట, లోలోపల రక్తం నీళ్ళైపోతుందట. విరుగుడు విటమిన్ కె. సూది, ఆ తర్వాత నెలరోజులు మాత్రలు. స్కానింగు అక్కర్లేదు, కోత అక్కర్లేదు. మాత్రలు ముప్పై ఆరు యూరోలు అని చెప్పింది. అలవాటు కొద్దీ చెప్పిందే తప్ప నన్ను పొడవాలని కాదు.

సెలైను పెట్టాక చేతులు కడుక్కుంటూ, మాకు వీపు పెట్టే అడిగింది.

"మీరిద్దరూ పైన అన్నారు. నేను మ్యాపులో పైన ఏముందో చూశాను. గొర్రెల మేత ఉంది, పిడుదులుంటాయి అనుకున్నాను. పైన అంటే ఇక్కడ వేరే అర్థం ఏమైనా ఉందా?"

నేనే చెప్పాను. పైన అంటే నన్నడక్కు అని, ఈ ఊళ్ళో అందరికీ తెలుసని. అందరికీ తెలుసు అంటున్నప్పుడు నాకు తట్టింది, ఆమెకు రెండేళ్ళలో ఒక్కరం కూడా ఆ మాట చెప్పలేదని. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

"నేను మూడుసార్లు అడిగాను కదా, సిల్వానో గారూ."

తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుండేవి. జేబులోంచి అర్జీ తీసి ఆమె చేతిలో పెట్టాను. పద్నాలుగు పేర్లూ చదివింది. నాలుగో పేరు దగ్గర కొంచెం ఆగింది, అది రోమానాది. అంతకుముందు నెలంతా ఆమె కుక్కకు మాత్రలు ఉత్తినే ఇచ్చానని తర్వాతెప్పుడో చెప్పింది. కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చింది. పంపాలనుకుంటే పంపండి అంది. పంపలేదు. ఆ సాయంత్రమే బెపో కొట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు మాత్రం, డాక్టర్ నాకు డబ్బు తిరిగిచ్చి నోరు మూయించిందన్నారు. మిల్లు వెనక అని నేను చోటు చెబితే ఒకడు కన్నుకొట్టి నవ్వాడు, అంటే మిల్లు వెనక మాత్రం కాదన్నమాట అని. అందుకే ఈ కథ ఇంకా చెబుతూనే ఉన్నాను.

ఆర్గో ఉన్న గదికి ఎదురుగా ఒక బల్ల ఉంది. ఆ పొద్దున సెలైను అయ్యేదాకా నేవియో, నేనూ దానిమీద కూర్చున్నాం. మధ్యాహ్నమయ్యేసరికి ఆర్గో తల ఎత్తింది. డాక్టర్ వేలితో తినిపిస్తే కొంచెం మాంసం ముద్ద నాకింది. నాకు సంతోషం కలిగింది, కలగలేదని అనను. దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఇంత తేలికా అనిపించింది. ఒక సీసా, ఒక సూది, ఒక మాట. బ్రిసా కూడా ఇలాగే తల ఎత్తి ఉండేది.

"నా మీద కోపంగా ఉందా?" అన్నాను. "నీ చోటు చెప్పేశానని."

"నా చోటేంట్రా, మన చోటు," అన్నాడు నేవియో. టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు. "నువ్వక్కడికి వస్తావని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా తెలుసు. మంగళవారం, శుక్రవారం నీవి. అందుకే నేను బుధవారం, శనివారం పోయేవాణ్ణి. ఎదురుపడితే నువ్వు ఇబ్బంది పడతావని."

నేను వాడి మొహంలోకి చూశాను. హాస్యమాడటం లేదు.

"తెలిసినవాడివి, మరి నువ్వెందుకు పైన అన్నావు?"

"నోటికి అదే వచ్చిందిరా. డాక్టర్ అడిగిందని నోరు మారుతుందా?" గొంతు తగ్గించి అడిగాడు. "నీకు మూడురోజులు టైముంది కదా. మూడుసార్లు అడిగిందంటోంది. కుక్క చచ్చిపోతుంటే, ఎందుకు చెప్పలేదురా?"

అప్పటిదాకా నేను కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకుంటే జవాబు వెతకనక్కర్లేదు, అది అక్కడే ఉంది.

"చెబితే నీకు తెలిసిపోతుందని," అన్నాను.